ఖాతా లేని పెళ్లికొడుకు

ముందు పోయినవి రాస్తాను. ఒక గొడుగు, కొత్తది, ఎనభై అయిదు రూపాయలు. ఒక జత చెప్పులు, అరవై (నిజానికి పోయింది ఎడమకాలిది ఒక్కటే. కానీ ఒంటి చెప్పుకి బజారులో ధర లేదు కాబట్టి జత మొత్తం ఖర్చు రాశాను). రెండు రోజుల జీతం, వంద. నలభై ఒక్క మందికి తలా ఒక టీ, రూపాయిన్నర చొప్పున అరవై ఒకటిన్నర. వెరసి మూడు వందల ఆరు రూపాయల యాభై పైసలు. డబ్బుల్లోకి మార్చడానికి వీల్లేనివి అదే డైరీలో వెనక పేజీలో విడిగా ఉన్నాయి: నెమ్మదస్తుడనే పేరు ఒకటి, మా నాన్న నాతో మాట్లాడని రోజులు ఆరు. ఇవన్నీ ఒకే వారంలో పోయాయి. తాగుడు లేదు, పేకాట లేదు. నేను ఎవరికీ రూపాయి బాకీ లేకపోవడం ఒక్కటే దానికి కారణం.

ఆ రోజుల్లో అప్పంటే నాకు గజ్జిలాంటి జబ్బు. అంటుకున్నవాడు గోక్కుంటూ ఉంటాడు, అంటనివాడు దూరంగా నిలబడి జాలిపడతాడు. నేను రెండో రకం. మా నాన్న మా చర్చిలో గంట కొట్టేవాడు. "బాకీ ఉన్నవాడు కొడితే గంట మోత వీధి చివరిదాకా కూడా పోదురా" అనేవాడు (తాడు ఎవరు లాగినా మోత ఒకటేనని పదో ఏటే కనిపెట్టాను గానీ నాన్నతో అనలేదు). పదో తరగతి లెక్కల్లో తప్పి, ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే చిత్తుకాగితాల మీద కూడికలు వేసి వేసి లెక్కలు పట్టుబడ్డాక, చిలకలూరిపేట పక్కన ఒక జిన్నింగ్ మిల్లులో కాటా గుమస్తానయ్యాను. రైతులు తెచ్చిన పత్తి బోరాలు తూచడం, ఎన్ని కిలోలో చీటీ రాసివ్వడం నా పని. ఆ చీటీ చూపిస్తే పదిహేను రోజుల తర్వాత మిల్లు డబ్బు చెల్లిస్తుంది. జీతం పదిహేను వందలు, వయసు ఇరవై నాలుగు. టీ తాగితే రూపాయిన్నర గ్లాసు పక్కన పెట్టిగానీ మూతి తుడుచుకునేవాణ్ణి కాదు.

మా వీధి మొదట్లో శెట్టిగారి కిరాణా కొట్టు ఉండేది. ఆయనకి రెండు కళ్లజోళ్లు. ముక్కు మీదది సరుకు చూడటానికి, నుదుటి మీదది మనిషిని చూడటానికి (ఇది ఆయన చెప్పిన మాటే). గల్లాపెట్టె మీద ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం, అందులో వీధిలో ప్రతి ఇంటికీ ఒక పేజీ, మా ఇంటికి తప్ప. ఒకటో తారీఖున అందరూ వచ్చి బాకీ కట్టేవాళ్లు, కానీ ఎవరూ పూర్తిగా కట్టేవాళ్లు కాదు. రూపాయో రెండో ఉంచేసేవాళ్లు. మొత్తం కట్టేస్తే ఖాతా తెగినట్టు, కొట్టుతో తగాదా పడినట్టు. ఆ పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండేది. "ఆ రూపాయి కూడా పారేస్తే గొడవ వదిలిపోతుంది గదండీ" అన్నాను ఒకసారి. ఆయన నుదుటి జోడు దించి నన్ను కాసేపు చూసి, "గొడవ వదిలిపోతే నా కొట్టుకి ఇంకెందుకొస్తారయ్యా?" అన్నాడు. ఈయనకి వ్యాపారం తెలియదు అనుకున్నాను.

ఆ ఏడు నవంబరులో చీరాలలో చర్చి సభలు జరిగితే, కానుకల డబ్బు లెక్కపెట్టడానికి నన్ను కూర్చోబెట్టారు. ఎదురుగా పర్చూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి చిల్లర దొంతర్లు పేరుస్తోంది. నేను గొంతు సవరించుకుని మొత్తం చెప్పాను. "నలభై తక్కువ చెప్పారండి" అంది ఆ అమ్మాయి, తల కూడా ఎత్తకుండా. మళ్లీ కూడాను. నలభై తక్కువే. నా కూడికలో తప్పు పట్టిన మొదటి మనిషి ఆమె. మూడోసారి కూడవలసిన పని లేకపోయినా కూడాను, ఎందుకంటే ఆ బల్ల దగ్గర్నుంచి లేవాలని లేదు. ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. మా వాళ్లు వాళ్లకి కబురు పెట్టారు. అమ్మాయి తండ్రి బడిలో మాస్టారు. "విచారించి చెబుతాం" అన్నారు.

మా వైపు విచారించడం అంటే చుట్టాల్ని అడగడం కాదు. చుట్టాలు అబద్ధం చెబుతారు. వీధి మొదట్లో ఉన్న కొట్టుని అడుగుతారు. మాస్టారు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చి, శెట్టిగారి కొట్లో ఒక సోడా తాగి, "ఫలానా అబ్బాయి ఖాతా ఎట్టా ఉంటదండీ?" అని అడిగారట. శెట్టిగారు ఉన్నమాట చెప్పాడు. "ఆ అబ్బాయికి ఖాతా లేదండి." "అంటే?" "అంటే లేదండి. ఆయన అడగలా, నేనివ్వలా." మాస్టారు టీ కొట్లో అడిగారు. ఖాతా లేదు. సైకిల్ షాపులో అడిగారు. లేదు. బట్టల కొట్లోనూ లేదు. వారం తిరక్కుండా మా నాన్న పేర కార్డు వచ్చింది. "అబ్బాయి బుద్ధిమంతుడని విన్నాము. కానీ మీ ఊళ్లో అతన్ని నమ్మి రూపాయి ఇచ్చినవారు ఒక్కరూ కనపడలేదు. రేపు ఇంట్లో జ్వరం వచ్చినా, పని పోయినా, ఎవరి తలుపు తడతాడో మాకు తెలియాలి కదా. నెల రోజుల్లో మరొకసారి వచ్చి చూస్తాము." మా నాన్న ఆ కార్డు రెండుసార్లు చదివి, "బాకీ లేకపోవడం కూడా తప్పేనంటరా?" అని నన్నే అడిగాడు. కార్డు తీసుకుని జేబులో పెట్టుకున్నాను. నెల రోజుల గడువు ఉంది.

మిల్లులో బేళ్లు కట్టే ప్రెస్సు దగ్గర మేస్త్రీని అందరం బాబాయి అనేవాళ్లం. ఆయనకి ఊళ్లో పదకొండు చోట్ల అప్పుంది, ఇద్దరు కూతుళ్లకి పెళ్లిళ్లు చేశాడు. అంటే ఈ విద్యలో ఆయనే పండితుడు. కార్డు చూపించాను. చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి పిచ్చోడా, ఇదేం పెద్ద పనిరా! పోయి అప్పు చెయ్యి. ఊళ్లో అందరికీ తీర్చడం కష్టం, నీకు చెయ్యడం కష్టమొచ్చిందా?" "ఎట్టా చెయ్యాలి బాబాయ్?" "ఎట్టా ఏందిరా? సరుకు తీసుకో, డబ్బులివ్వమాక, నవ్వుతా బయటికి రా."

ఇక్కడే నా లెక్కల బుర్ర నన్ను ముంచింది. ఒక్కచోట అప్పు చేస్తే ఒక్కరే సాక్ష్యం చెబుతారు. మాస్టారు నాలుగు చోట్ల అడిగారు కాబట్టి నాలుగు చోట్లా చెయ్యాలి. నెల రోజుల్లో ఖాతా పాతపడాలంటే నాలుగూ ఒక్కరోజే మొదలెట్టాలి. తుఫాను పట్టి రెండు రోజులుగా వాన. కొత్త గొడుగు వేసుకుని, మధ్యాహ్నం సెలవు పెట్టి బయల్దేరాను.

మొదట శెట్టిగారు. "కిలో కందిపప్పు, అరకిలో బెల్లం ఇవ్వండి" అన్నాను. పొట్లాలు కట్టాడు. నేను జేబులో చెయ్యి పెట్టలేదు. ఆయన చెయ్యి చాచి అలాగే ఉంచాడు. "ఖాతాలో రాయండి" అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆయన నుదుటి జోడు దించాడు. "ఏమయ్యా, జీతం ఆగిందా?" "లేదండి." "ఇంట్లో ఎవరికన్నా బాగాలేదా?" "అందరూ బాగానే ఉన్నారండి." "మరి?" అబద్ధం చెప్పడం అలవాటు లేదు. పెళ్లి మాట ఎత్తడానికి సిగ్గు. ఏదో ఒకటి అనాలి కదా అని, "ముందు జాగ్రత్తగా" అన్నాను. ఆయన మొహం మారిపోయింది. "రేపు చూద్దాంలే" అని పొట్లాలు వెనక్కి తీసేసుకున్నాడు.

టీ కొట్లో అదే ప్రశ్న, అదే జవాబు. సైకిల్ షాపులో ఒక టైరు అడిగాను (నాకు సైకిలు లేదన్న సంగతి అతనికి తెలుసని నాకు తట్టలేదు). బట్టల కొట్లో ఇద్దరు గుమస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను కంగారులో గొడుగు అక్కడే వదిలేసి వానలో తడుస్తూ ఇల్లు చేరాను. నాలుగు చోట్లా కలిపి పుట్టిన అప్పు సున్నా. ఆ గొడుగు కోసం మళ్లీ ఆ గుమ్మం తొక్కే మొహం నాకు ఈనాటికీ లేదు.

మర్నాడు పొద్దున మిల్లు దగ్గరికి వెళ్లేసరికి టీ కొట్టతను మా ప్రెస్సు కుర్రాళ్లతో గొడవపడుతున్నాడు. "ఈరోజు నుంచి మిల్లోళ్లకి అరువు లేదు. డబ్బులు పెట్టండి, టీ తాగండి." "నిన్నటిదాకా ఇచ్చావుగా, ఇవాళేమొచ్చింది నీకు?" "నాకేం రాలా, మీ మిల్లుకే వచ్చింది. కాటా గుమస్తా ముందు జాగ్రత్త పడుతున్నాడంట!"  ఎన్నడూ అప్పడగని మనిషి ఒక్క మధ్యాహ్నం నాలుగు చోట్ల అడిగాడంటే, మిల్లు లోపలి లెక్క తెలిసినవాడు అడిగాడంటే, ఊరు కట్టుకునే లెక్క ఒక్కటే: మిల్లు మునుగుతోంది. ఎనిమిదిన్నరకల్లా రైతులు రావడం మొదలెట్టారు. చేతుల్లో చీటీలు, నా అక్షరాలతో. పదిమంది, ముప్పైమంది, ఆ తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను (నేను లెక్కపెట్టడం మానేసిన సందర్భం జీవితంలో అదొక్కటే). "మా డబ్బులు ఇప్పుడే ఇయ్యాల!" అని గేటు ఊపుతున్నారు. ఆ తోపులాటలోనే ఎడమకాలి చెప్పు పోయింది.

ఓనరుగారు నన్ను గదిలోకి పిలిచారు. కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. "ఏరా, నా మిల్లు మూసేస్తున్నానంట గదా. నాకెందుకు చెప్పలేదు?" అన్నారు మెల్లగా. జరిగింది చెప్పాను. కార్డు కూడా చూపించాను. ఆయన కళ్లు మూసుకున్నారు. "బేళ్లన్నీ గోడౌన్లో ఉన్నయ్యి. కొనే పార్టీ డబ్బు పంపేది శుక్రవారం. ఇవాళ వీళ్లందరూ ఒక్కసారి అడిగితే, నువ్వన్నది నిజమైపోద్దిరా." అప్పటికి నాకు అర్థమైంది. నా పెళ్లి ఒక్కటే కాదు, మిల్లులో నలభై ఒక్క మంది కూడు కూడా నా నోటి మీద ఆధారపడి ఉంది. ఆ నోటితో నేను చెప్పగలిగింది ఒక్కటే, నిజం.

గేటు తీయించి, ఒంటి చెప్పుతో వెళ్లి పత్తి తూచే కాటా బల్ల ఎక్కాను. అంతమందికి కనపడే ఎత్తు అదొక్కటే. "మిల్లుకి ఏమీ కాలేదండీ" అన్నాను. "మరి నీకెందుకయ్యా అప్పు?" అని అరిచారెవరో. గుంపు వెనకాల శెట్టిగారు నిలబడి ఉన్నాడు, రెండు జోళ్లూ పెట్టుకుని. "పెళ్లి కోసం" అన్నాను. "కట్నం వస్తది గదరా, అప్పెందుకు?" "పెళ్లి ఖర్చుకి కాదండీ. నాకు అప్పు లేదని పిల్లనివ్వనన్నారు. అప్పుంటే ఇస్తారని అప్పడిగాను. ఎవరూ ఇవ్వలేదు."

 ముందు వరసలో ఉన్న ఒక ముసలి రైతు తలపాగా తీసి మొహం తుడుచుకుని, "ఒరేయ్, పెళ్లి చేసుకుని అప్పులపాలైనోళ్లం అందరం ఇక్కడే ఉన్నాం గానీ, పెళ్లి కోసం అప్పుకి దేవులాడేవోణ్ణి నా బతుకులో చూళ్లేదురా!" అన్నాడు. ఆ నవ్వు గేటు దగ్గర మొదలై రోడ్డు దాకా పాకింది. శెట్టిగారు నవ్విన నవ్వుకి నుదుటి జోడు ముక్కు జోడు మీద పడింది. "అబద్ధమేమో మావా" అని ఒక కుర్ర రైతు గొణిగితే, ఆ ముసలాయనే కసిరాడు. "ఊరుకో. మూడేళ్లబట్టి వీడి కాటా చూస్తన్నా. అరకిలో అటు చెప్పలా, ఇటు చెప్పలా. పదండి, శుక్రవారం వద్దాం." వెళ్తూ వెళ్తూ ప్రతివాడూ నా వీపు మీద ఒకటి చరిచి వెళ్లాడు.

ఓనరుగారు రెండు రోజుల జీతం కోసి, మిల్లులో అందరికీ నా డబ్బుతో టీ పోయించమన్నారు. పోయించాను, రొక్కం ఇచ్చి. మా నాన్న ఆ సాయంత్రం నుంచి మాటలు మానేశాడు. ఆ వారమంతా గంట మాత్రం మామూలు కంటే గట్టిగా కొట్టాడు.

మర్నాడు శెట్టిగారు పిలిచి, ఎర్రపుస్తకంలో కొత్త పేజీ తీసి, నా పేరు రాసి, కందిపప్పు, బెల్లం ఎక్కించాడు. పక్కన అంచులో ఏదో సన్నగా రాసుకున్నాడు. "ఏంటండీ అది?" "నా గుర్తులే. నెలాఖరుకి కట్టు. కానీ మొత్తం కట్టావంటే మాత్రం కొట్టుకి రానివ్వను."

అన్నమాట ప్రకారం మాస్టారు నెలకి వచ్చారు. శెట్టిగారు పుస్తకం తీసేలోపే చెయ్యి అడ్డం పెట్టారట. "చూపించనక్కర్లేదండి. బస్సులో చిలకలూరిపేట దాకా ఇదే కథ. పక్కసీటాయన నాకే చెప్పాడు, నేనే ఆ మాస్టార్నని తెలియక." తర్వాత మా ఇంటికొచ్చి, మంచినీళ్లు తాగి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "బాబూ, నేను లెక్క తప్పు వేశాను. మీ మిల్లు మేస్త్రీ నాలుగు చోట్ల అప్పడిగితే ఊరు పట్టించుకుంటదా? పట్టించుకోదు. నువ్వడిగితే మిల్లే ఊగింది. అంటే నీ మాట అంత ఖరీదు. నిన్ను ఊరు నమ్మలేదనుకున్నాను, ఊరి నమ్మకం నీ దగ్గర వాడకుండా పడి ఉంది." ఆగి, కొంచెం నవ్వి, "ఇక నుంచి కొంచెం కొంచెం వాడు" అన్నారు. మా ఆవిడ మాత్రం ఇన్నేళ్లుగా ఈ మాట ఒప్పుకోదు. వాళ్ల నాన్న అంత తర్కం ఆలోచించి ఉండడనీ, సైకిలు లేనివాడు టైరు అడిగాడని విని జాలిపడి పిల్లనిచ్చాడనీ ఆమె వాదన.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా అమ్మాయి బ్యాంకు నుంచి వచ్చి బ్యాగు మంచం మీద విసిరింది. ఇప్పుడు మేముండే గుంటూరులోనే ఉద్యోగం, స్కూటరు కోసం లోనుకి వెళ్లింది. "నేనెవరికీ పైసా బాకీ లేను నాన్నా. అందుకని ఇవ్వరంట! క్రెడిట్ హిస్టరీ లేదంట, స్కోరు రావట్లేదంట. ఇదేం లెక్క?" నాకు నవ్వాగలేదు. "నవ్వుతావేంటి?" అని అది ఏడుపుమొహం పెడితే, వంటింట్లోంచి మా ఆవిడ, "ఆయన నవ్వేది నిన్ను చూసి కాదులేవే" అంది. అప్పుడు ఈ కథ చెప్పాను. చిన్నదేదైనా వాయిదాల మీద కొనుక్కుని తారీఖు తప్పకుండా కట్టమన్నాను. నాలుగు బ్యాంకుల్లో ఒకే వారం అడగొద్దని మరీ మరీ చెప్పాను (బ్యాంకులో కూడా అదే చెప్పారట. నాకు ఎంత ఖర్చయి తెలిసిందో వాళ్లకి తెలియదు).

మా అమ్మాయి విని ఊరుకోలేదు, ఆ పేజీ చూడాలంది. ఆదివారం బస్సెక్కి చిలకలూరిపేట వెళ్లాం. శెట్టిగారు కొట్టు కోడలికి అప్పగించి, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంటున్నాడు, ఒక్క జోడుతోనే. నన్ను చూసి కోడలితో ఎర్రపుస్తకం తెప్పించాడు. ఇన్నేళ్లలో నేను తలకిందులుగా తప్ప చూడని పేజీ, మొదటిసారి నా వైపు తిప్పి పెట్టాడు. అంకెలన్నీ నాకు తెలిసినవే. అంచులో సన్నటి అక్షరాలే తెలియవు. మొదటి వరస పక్కన "పెళ్లి కోసం" అని ఉంది. కొన్ని వరసల కింద "వేరు కాపురం, అప్పు పెంచవచ్చు". ఇంకా కింద "ఆడపిల్ల". ఆ తర్వాత, పత్తి ధర పడిపోయి మా మిల్లు నిజంగానే మూతపడిన ఏడాది, నేను ఏడు నెలలు పని లేక తిరిగిన ఏడాది, గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే పని దొరికేదాకా బియ్యం మీద బియ్యం ఎక్కి నాలుగువేలు దాటిన వరసల పక్కన, ఒకే ఒక్క మాట: "అడగవద్దు".

ఆ ఏడు నెలలూ ఆయన అడగలేదన్నది నాకు గుర్తే. మరిచిపోయాడనుకున్నాను. లెక్కలవాణ్ణి కదా, మనుషులు మరిచిపోతారని తొందరగా నమ్ముతాను.

పని దొరికాక పద్నాలుగు నెలల్లో అంతా కట్టాను, చివరి చిల్లర తప్ప. అక్కడ ఆయనే చెయ్యి పట్టుకుని ఆపాడు. తర్వాత మేం గుంటూరు వెళ్లిపోయాం, పేజీ అలాగే ఉండిపోయింది. కోడలు గల్లా మీద ఫోన్లతో డబ్బు కొట్టే గళ్ల బొమ్మ అంటించింది. మా అమ్మాయి ఫోను తీసి, "పావలాలు పోయాయని బాధపడతావుగా నాన్నా, ఇందులో పైసలు కూడా వెళ్తాయి. కొట్టెయ్యనా?" అంది. ఇంత లెక్క చూసే మనిషిని, శెట్టిగారి వైపు తిరిగాను. శెట్టిగారు కుర్చీలోంచి నన్నే చూస్తున్నాడు. ఆ ఒక్క జోడు ఇప్పుడు మనుషుల్ని చూసేదే అయ్యుండాలి.

"వద్దులేవే, లోపల పెట్టు" అన్నాను. డైరీలో కొత్త పేజీ తీసి తేదీ వేసి రాసుకున్నాను. నేటికి శెట్టిగారికి ఇవ్వవలసినది: రెండు రూపాయల డెబ్బై అయిదు పైసలు.